మొండి తెర మీద వంకాయ రంగు మచ్చ

తొమ్మిదో పంటు, పంటులంక
అక్టోబర్ 4

ఇంజనీరు వేదవల్లి గారికి నమస్కారం.

ఈ నెల పన్నెండున తొమ్మిదో పంటు అడుగు గదిలో కాంక్రీటు పోస్తామని మీ నోటీసులో ఉంది. పోసేశాక ఆ గది నేలను మళ్ళీ ఎవ్వరూ చూడలేరు. అంతకుముందే ఒక్కసారి ఆ నేలను చూడమని అడగడానికి ఇప్పుడు రాస్తున్నాను. ఇంకో వారం ఆగితే ఈ ఉత్తరానికి అర్థం ఉండదు.

మేము బరువు దొంగిలించలేదనైనా ఇరవై ఏడున మీ మీటింగులోనే చెప్పాల్సింది. గాలి హోరు, ఆడవాళ్ళ ఏడుపులు, మా బాబ్జీ మావయ్య అరుపులు, అన్నిటి మధ్యా నా నోరు పెగల్లేదు. మీరు నా వైపు తిరిగి "నువ్వేమన్నా చెప్తావామ్మా?" అని అడిగారు కూడా. నేను తల అడ్డంగా ఊపాను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. పదిమందిలో మాట్లాడటం బడి నాకు నేర్పలేదు. రాయడం నేర్పింది.

మా బుర్రల సంఘానికి నేను కార్యదర్శిని. సంఘం రోజువారీ పుస్తకంలో నేను రాసినవాటిలో కొన్ని రోజులు కింద ఎత్తి రాస్తున్నాను. మీకు తెలియనివి ఉంటాయనుకున్న చోట వివరం చేర్చాను. మేము తెలివితక్కువగా ప్రవర్తించిన రోజులు తీసెయ్యలేదు. అవి తీసేస్తే మచ్చ సంగతి అర్థం కాదు.

ఆగస్టు 18

ఈరోజు ఇంకో బుర్ర పైకి వచ్చింది. పెద్దది, మూల కూడా పగల్లేదు.

సముద్రం మీద తేలే ఈ ఇనుప పంటులు కట్టినప్పుడు అడుగున బరువు కోసం ఏది దొరికితే అది వేశారట. తొమ్మిదో పంటుకి దొరికింది మునిగిపోయిన ఊళ్ళ చెత్త. అందులో ఎక్కువ పాత గాజు టీవీలు, మానిటర్లు. వెనక్కి అంత తల పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి మేము వాటిని బుర్రలంటాం. కంటిపొరలు వచ్చాక ఏ తెరా అవసరం లేకుండా పోయింది. ఎవరి బొమ్మ వాళ్ళ కంటిలోనే. కానీ పాత ఆటలు కంటిపొరలో ఆడితే బటన్ నొక్కిన రెప్పపాటు తర్వాత గాని బొమ్మ కదలదు. తుపాకీతో పిట్టల్ని కాల్చే ఆటైతే అసలు పనే చెయ్యదు. ఆ తుపాకీ చూసేది గాజు మీద పరిగెత్తే వెలుగునే. అందుకే మాకు ఈ బుర్రలు.

బుర్ర తీసే పద్ధతి మీరు అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన షరతు నుంచే పుట్టింది. "తీసినంత బరువు దించాలి" అన్నారు మీరు. కప్పీ మీద తాడు వేసి, ఒక కొసకు బుర్ర, రెండో కొసకు ఇసక సంచి కడతాం. రెండూ సమంగా తూగేదాకా సంచిలో గుప్పెళ్ళతో ఇసక పోస్తూ తీస్తూ ఉంటాం. తూగాక ఒక్క వేలితో తోస్తే సంచి దిగుతుంది, బుర్ర ఎక్కుతుంది. సంచి దిగకుండా బుర్ర రాదు. కింద ఏసుపాదం ఉండి, బుర్ర లేచిన గోతిలోనే సంచిని కూర్చోబెడతాడు.

"గుప్పెడు తీయండి మావయ్యా! సంచి ఎక్కువైపోయింది" అని కింద నుంచి ఏసుపాదం అరిచాడు.

"నీకు కింద నుంచి ఎలా తెలిసిందిరా?" అన్నాడు బాబ్జీ మావయ్య.

"నా నెత్తి మీదకే దిగతంది కదండి, ఆయ్. తెలీకేం!"

బాబ్జీ మావయ్య మా సంఘంలో పెద్ద. ఆటల దుకాణం నడిపిన వాళ్ళ తాత దగ్గర విన్న కబుర్లే ఆయన చదువు. ఏసుపాదం పదో పంటు మీద మంచినీళ్ళ ప్లాంటులో మోటార్లు చూస్తాడు. బుర్రల్ని బాగుచేసేది రజియా అక్క. మూడు చచ్చిన బుర్రల్లోంచి ఒక బతికిన బుర్ర తీస్తుంది. ఈరోజు వచ్చినదాన్ని తడిమి చూసి, "వెన్ను బాగానే ఉంది, వారంలో నిలబెడతా" అంది, వైద్యురాలిలా.

ఆగస్టు 24

అమ్మ మొదటిసారి మా సంఘం ఆటల గదికి వచ్చింది.

అమ్మకి కంటిపొర పడదు. చేపలు ఎండబెట్టే చోట ఉప్పుకీ దుమ్ముకీ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. పొర పెట్టిన రోజే తీయించేశారు. అందరూ గాలిలోకి చూసి నవ్వుతుంటే, దేన్ని చూసి నవ్వుతున్నారో తెలియకుండానే ఇన్నేళ్ళూ మా మధ్య తిరిగింది. ఈరోజు అందరం ఒకే గాజులోకి చూస్తుంటే తనూ చూసింది.

రజియా అక్క తుపాకీ చేతికిచ్చింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ పిట్టల్నెందుకే కాల్చడం? ఎండబెట్టుకోడానికా?" అంది.

"ఊరికే పైడమ్మక్కా, ఆట."

"ఊరికే ఎవరన్నా చంపుతారా?" అంటూనే మొదటిదాన్ని కొట్టింది. ఆ తర్వాత తుపాకీ వదిలి లేవలేదు. ఎండే చేపల మీద వాలే కాకుల్ని రాళ్ళతో కొట్టిన చెయ్యి అది. ఏసుపాదం తన స్పీకరు తెచ్చి తుపాకీ మోత గట్టిగా వినపడేలా పెట్టాడు. బాబ్జీ మావయ్య తన వంతు కోసం మూడుసార్లు దగ్గి, చివరికి బయటికెళ్ళి బీడీ కాల్చుకున్నాడు.

వెళ్ళేటప్పుడు అమ్మ అడిగింది: "అదేంటే, మీరు లోపలికి రాగానే అన్నీ థమ్మన్నాయి, ఆ మూలది మాత్రం అనలేదు?"

ఇది వివరంగా చెప్పాలి, వేదవల్లి గారూ, ఎందుకంటే అంతా ఇక్కడే ఉంది. బుర్రలో బొమ్మ గీసేది వెనక నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల ధార. దగ్గర్లో అయస్కాంతం ఉంటే ఆ ధార వంగి, ఒక రంగు పడాల్సిన చోట ఇంకో రంగు పడుతుంది. దాన్ని సరిచెయ్యడానికి బుర్రకి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే లోపలి రాగి చుట్ట ఒక్కసారి వణుకుతుంది, బొమ్మ నీళ్ళలో నీడలా ఊగి కుదుటపడుతుంది, రంగులు చక్కబడతాయి. దాన్ని మేము గంట కొట్టడం అంటాం. ముందు వచ్చినవాళ్ళే అన్ని బుర్రలకీ గంట కొట్టాలి. ఆ హక్కు కోసం రోజూ పరుగులే. అవసరం ఉందా లేదా అని ఎప్పుడూ చూడలేదు. గుడికెళ్ళినవాళ్ళు గంట కొట్టాలా వద్దా అని ఆలోచించరు కదా.

మూలనున్న దానికి గంట లేదు. దాని రాగి చుట్ట తీసి వేరేదానికి వేశాం. దాన్ని మొండి అంటాం.

సెప్టెంబర్ 5

మొండి తెర మీద కింద ఎడమ మూలలో మచ్చ కనిపించింది. వంకాయ రంగు. మిగతావి అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

బాబ్జీ మావయ్య చూడగానే ఏసుపాదం వైపు తిరిగి తేల్చేశాడు. "స్పీకర్లో అయస్కాంతం ఉంటది. దాని పక్కనే కదా పెట్టావు. పాడు చేసేశావు కదరా ముసలిదాన్ని!"

"నేను పెట్టింది అటు గోడకండి. ఇది ఇటు మూల. అయస్కాంతం నడిచొచ్చిందా?"

"నీ పాటలు వినలేక అదే పారిపోయుంటది."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఏసుపాదం నవ్వలేదు. స్పీకరు భుజానికెత్తుకుని, "నేను దింపిన సంచుల మీదే మీ అందరి బుర్రలూ నిలబడ్డాయి. గుర్తుంచుకోండి" అని వెళ్ళిపోయాడు. రజియా అక్క గుమ్మం దాకా వెళ్ళి పిలిచింది. అతను వెనక్కి చూడలేదు.

సెప్టెంబర్ 14

స్పీకరు వెళ్ళిపోయి ఇన్ని రోజులైనా మచ్చ పోలేదు. పెరిగింది. బాబ్జీ మావయ్య దానివైపు చూడటం మానేశాడు.

ఇంటి దగ్గర ఇంకో గోల. అమ్మ చేపలు కడిగిన నీళ్ళు ఎప్పుడూ సందువైపు కాలువలోకి పోయేవి. ఇప్పుడు వెనక్కి తిరిగి మా గుమ్మంలోకి వస్తున్నాయి. గుండ్రటి గిన్నె నేలమీద పెడితే గది చివరికి దొర్లుతోంది. మా ఇల్లు పంటుకి నైరుతి మూల, చివరి ఇల్లు. పక్కింటి సూరమ్మత్త చేపల తడికలన్నిటి కిందా ఒక వైపు చెక్కలు పెట్టుకుంది.

"పంటు వాలిపోతందంట. మీ బుర్రల వల్లేనంట" అంది అమ్మ, చేపలు తిరగేస్తూ.

"ఎవరన్నారు?"

"అననోళ్ళెవరో అడుగు, తొందరగా తేలిపోద్ది."

"అమ్మా, తీసినంత బరువూ దించాం. నువ్వు చూశావు కదా."

"నేను చూశానే. నేను చూసినదానికి లెక్కేటుంది? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

సెప్టెంబర్ 27

మీరు వచ్చారు. మీ మనుషులు నీటి గీతలు కొలిచారు. నైరుతి మూల మూరెడు దిగిపోయిందని తేలింది.

మీరు మమ్మల్ని తిట్టలేదు. అది రాసి పెట్టుకున్నాను. "అనుమతి ఇచ్చింది నేనే. తప్పైతే నాది కూడా" అన్నారు. తుపానులు మొదలయ్యేలోగా పంటు నిటారుగా నిలబడాలనీ, ఎత్తుగా ఉన్న వైపు కాంక్రీటు పోస్తే సమానమవుతుందనీ, ఆ తర్వాత అడుగు గది మొత్తం మూసేస్తామనీ చెప్పారు. బుర్రలన్నీ పదో తేదీకల్లా తిరిగి ఇవ్వాలి, అవీ కాంక్రీటు కిందకే. అడుగు గదికి తాళం వేసి చెవి మీ మనిషి తీసుకెళ్ళాడు.

బాబ్జీ మావయ్య అరిచిన మాటలు ఇక్కడ రాయడం లేదు. ఆ తర్వాత మా ఆటల గదికొచ్చి బుర్రల మధ్య కూర్చుని, "మా తాత దుకాణం సముద్రంలో పోయింది. ఇవి రెండోసారి పోతన్నాయి" అన్నాడు.

సందులోంచి వెళ్తుంటే సూరమ్మత్త నన్ను చూసి తలుపు వేసుకుంది. చిన్నప్పుడు బడికి వెళ్ళేటప్పుడు నా జడ బిగించి పంపింది ఆవిడే.

సెప్టెంబర్ 29

బుర్రల్ని ఒక్కోటీ గుడ్డల్లో చుడుతున్నాం. మొండిని చుట్టబోతే అమ్మ వచ్చి, "పదో తారీకు దాకా మా ఇంట్లో పెట్టవే. నాలుగు పిట్టలు కొట్టుకుంటాను" అంది. కాదనలేకపోయాం. చక్రాల బండి మీద సందు చివరి దాకా తోసుకెళ్ళి, మా ఇంట్లో నేలమీద పెట్టి వెలిగించాం.

తెర మొత్తం వంకాయ రంగు. పిట్టలు కూడా వంకాయ రంగే.

"ఇదేంటే, మొత్తం కూరైపోయింది!" అంది అమ్మ.

దారిలో కుదుపుకి ఏదో ఊడిందనుకున్నాను. రజియా అక్క మూత తీసి చూసింది. ఏదీ ఊడలేదు. ఊరికే ఆలోచిస్తూ బుర్రని గుమ్మం వైపు తిప్పింది. తిరుగుతుండగానే రంగు మారింది. ఊదా పోయి ఒక పక్క ఆకుపచ్చ వచ్చింది. అక్క చేతులు ఆగిపోయాయి.

"రత్నం, ఇది బుర్రలో జబ్బు కాదు. జబ్బు దానిదైతే ఎటు తిప్పినా అక్కడే ఉండాలి. ఇది గదిలో ఉంది."

సెప్టెంబర్ 30

మొండిని ఎనిమిదో పంటు మీద రజియా అక్క ఇంటికి తీసుకెళ్ళాం. తెర దాదాపు శుభ్రమైపోయింది. తిరిగి మా ఇంటికి తెచ్చాం. మళ్ళీ వంకాయ.

"మరి మిగతా బుర్రలకి మచ్చ ఎందుకు రాలేదక్కా? అవీ తొమ్మిదో పంటు మీదే ఉన్నాయి కదా?" అన్నాను.

అక్క నావైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నోటితో చెప్పడానికి సిగ్గేసింది.

మేము రోజూ గంట కొడుతున్నాం.

గంట అంటే చుట్టూ ఉన్న అయస్కాంతానికి బుర్రని సర్దడమే. ప్రతి సాయంత్రం లోపలికి రావడం, పోటీపడి మచ్చలు చెరిపెయ్యడం, శుభ్రంగా ఉన్నాయని మురవడం. నిజం చెప్పింది గంట లేని మొండి ఒక్కటే. దానికే మేము పేరు పెట్టి వెక్కిరించాం.

చుట్టిన గుడ్డలు విప్పి మూడు బుర్రల గంట తీగలు తెంపేశాం. సందు మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర మా ఇంటి ముందు ఒకటి, ఒకే దిక్కుకి తిప్పి పెట్టాం. దిక్సూచితో చూడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. పంటు అంతా ఇనుమే కాబట్టి ఇక్కడ దిక్సూచి ఎప్పుడూ తప్పే చూపిస్తుంది, ఎవరూ నమ్మరు. బుర్రలైతే రోజురోజుకీ వచ్చే తేడా చూపిస్తాయి.

అక్టోబర్ 1

మూడింటికీ మచ్చలు వచ్చాయి. సందు మొదట్లో లేతగా, మధ్యలో ముదురుగా, మా గుమ్మం దగ్గర తెర నిండా. కానీ రోజంతా ఒకేలా లేవు. పదో పంటు ప్లాంటు మోత పెరిగినప్పుడల్లా రంగు చిక్కబడుతున్నట్టు నాకనిపించింది. అనిపిస్తే చాలదు. ప్లాంటు ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు మొదలవుతుందో కచ్చితంగా చెప్పేవాళ్ళు కావాలి.

ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు. బాబ్జీ మావయ్య చొక్కా మార్చుకున్నాడు. నన్ను తోడు రమ్మన్నాడు.

ఏసుపాదం ప్లాంటు గేటు దగ్గర అన్నం తింటున్నాడు. లేవలేదు.

"ఏరా, నీ స్పీకరు ఏ మూల పెట్టావు?"

"ఏం మావయ్యా, ఇంకో మచ్చ దొరికిందా, మోపడానికి?"

"మచ్చ అదేరా. మోపడానికి నువ్వు కాదని తేలింది."

"ఇది క్షమాపణేనా?"

"మరి చేటలో పెట్టి ఇవ్వాలా?"

ఏసుపాదం కాసేపు నమిలాడు. తర్వాత గిన్నెలో ఉన్న వేపుడు చేప ముక్కల్లో పెద్దది తీసి మావయ్య చేతిలో పెట్టాడు. "ముళ్ళు చూసుకోండి. కళ్ళు అసలే ఆనవు" అన్నాడు.

అక్టోబర్ 3, శుక్రవారం

శుక్రవారం మధ్యాహ్నం ప్లాంటు కడగడానికి కాసేపు ఆపుతారు. ఆపే ముందు స్పీకర్లో చెప్తానన్నాడు ఏసుపాదం. అమ్మా, రజియా అక్కా, నేనూ మా ఇంట్లో మొండి ముందు కూర్చున్నాం. బాబ్జీ మావయ్య సందులో బుర్రల దగ్గర. జనం ఏదో ఆట ఉందనుకుని మూగారు. సూరమ్మత్త కూడా దూరంగా నిలబడింది.

పదో పంటు మీద నుంచి గొంతు వచ్చింది. "ఆపతన్నానహో!"

మోటార్ల మోత తగ్గింది. తెర మీద వంకాయ రంగు ఎవరో గుడ్డతో తుడిచినట్టు వెనక్కి పోయింది. పూర్తిగా పోలేదు, మూలన లేత గులాబీ మిగిలింది. పిట్టలు పిట్టల రంగులోకి వచ్చాయి. సందులో బాబ్జీ మావయ్య "పోయింది! ఇక్కడా పోయింది!" అని అరిచాడు.

"పెడతన్నానహో!"

మోత మొదలైంది. మచ్చ వచ్చేసింది, మూడింటి మీదా, మొండి మీదా. ఇంకోసారి చెయ్యమని కేక వేయించాం. ఏసుపాదం ఇంకోసారి ఆపి పెట్టాడు. మళ్ళీ అంతే. (అతను సొంతంగా రెండోసారి ఆపినందుకు దయచేసి అతని మీద కోప్పడకండి. అడిగింది నేను.)

కరెంటు పారే ఇనుము అయస్కాంతంలా పనిచేస్తుందని బడిలో చెప్పారు. ప్లాంటుకి వెళ్ళిన కరెంటు తిరిగి రావాల్సింది తీగలోంచి. అది ఎక్కడో తీగ వదిలేసి మా పంటు నేలలోంచి వస్తోందని నేననుకుంటున్నాను. వచ్చి మా మూల దగ్గర సముద్రంలోకి దిగుతోంది.

ఎనిమిదో తరగతిలో ఒక ప్రయోగం చేయించారు. ఉప్పునీళ్ళ గిన్నెలో రెండు మేకులు, ఒక బ్యాటరీ. మర్నాటికి ఒక మేకు అలాగే ఉంది, రెండోది సూదిలా సన్నబడింది. కరెంటు ఇనుములోంచి ఉప్పునీళ్ళలోకి దిగే చోట ఇనుము కరుగుతుంది. సన్నబడ్డ మేకు ఇంటికి తెచ్చి గొప్పగా చూపిస్తే, "బడికి పంపితే మేకులు పాడు చేసొస్తన్నావా?" అంది అమ్మ.

ఈరోజు ఆ మేకు గుర్తు చేశాను.

"అయితే నా చాప కింద కరెంటు పోతందా?" అంది.

"నిన్ను ముట్టుకోదమ్మా. అది ఇనుముని తింటోంది."

"ఇనుము అయిపోయాక నేనెక్కడుంటానే?"

గుమ్మంలో సూరమ్మత్త ఉంది. లోపలికొచ్చి మొండి పక్కనే చతికిలబడింది. ఎప్పుడూ లేనిది, తన చెంగుతో దాని గాజు తుడిచింది.

రజియా అక్క ఇల్లు ఎనిమిదో పంటు మీద ఉంది, నేల సంగతి తేలేదాకా అక్కడికి రమ్మని అమ్మని బతిమాలాను. వినలేదు. "తడికల మీద చేపలున్నాయి. వదిలేసి ఎవరన్నా పోతారా?" అంది.

పుస్తకంలో రాసింది ఇంతే, వేదవల్లి గారూ. ఇక నేను అడగాల్సింది ఉంది.

మీ ఆలోచన తప్పని నేను అనడం లేదు. ఎత్తుగా ఉన్న వైపు కాంక్రీటు పోస్తే పంటు నిటారుగా నిలబడుతుంది, నిజమే. మా గంట కూడా అలాగే పనిచేసింది. మచ్చని సర్దింది, మచ్చకి కారణాన్ని సర్దలేదు. నైరుతి మూల నేల పల్చబడి, సంచుల కిందకి నీళ్ళు చేరుతుంటే, పంటు నిటారుగానే ఇంకా కిందకి దిగుతుంది. అప్పుడు గిన్నె దొర్లదు. ఎవరికీ తెలియదు.

నేను పొరబడి ఉండొచ్చు. నా చదువు ఎంతో నాకు తెలుసు. నేల నిక్షేపంగా ఉంటే అంతకన్నా సంతోషం లేదు, అప్పుడు కాంక్రీటు పోయించండి. ముందు మాత్రం తాళం తీసి, నైరుతి మూలలో నాలుగు సంచులు జరిపి, నేలని చేత్తో తాకి చూడనివ్వండి. ఏసుపాదం దిగుతానన్నాడు. మీ మనిషి పక్కన ఉండొచ్చు. ప్రతి సంచి మీదా అది ఏ బుర్ర చోట కూర్చుందో రజియా అక్క రంగుతో రాసి పెట్టింది, మేము బరువు దొంగిలించామో లేదో కూడా అప్పుడే తేలుతుంది. దాంతోపాటు పదో పంటు నుంచి కరెంటు తిరిగొచ్చే తీగ అతుకులన్నీ ఒకసారి చూపించండి.

ఇది బుర్రలు దక్కించుకోవడానికి ఆడుతున్న నాటకం అని కొందరు అంటున్నారు. అందుకని నిన్న సంఘం కూర్చుని తీర్మానం చేసింది. బుర్రలన్నీ గడువుకి ముందే తెచ్చి అడుగు గది మూత దగ్గర వరసగా పెట్టేశాం. మీరు నేల చూశాక వాటిని ఏం చేసినా మేము అడ్డురాం. పెట్టేటప్పుడు బాబ్జీ మావయ్య ఒక్కోదానికీ చివరిసారి గంట కొట్టబోయాడు. మొదటిదాని బటన్ మీద వేలు పెట్టి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మొండిని మాత్రం ఇవ్వలేదు. అది మా ఇంట్లో వెలుగుతూనే ఉంది. మీరే వచ్చి చూడొచ్చు. ప్లాంటు మోత వింటూ దాని ముందు కాసేపు కూర్చుంటే నా ఉత్తరం కన్నా బాగా చెప్తుంది. మీ పిల్లల్ని కూడా తీసుకురండి. అమ్మ తుపాకీ ఇస్తుంది, మొదటి ఆట మాత్రం తనే ఆడుతుంది.

అక్టోబర్ తొమ్మిది సాయంత్రంలోగా ఒక్క మాట జవాబు రాయండి. "చూస్తాం" అన్నా చాలు, "చూడం" అన్నా చాలు. చూడం అంటే మా అమ్మని, సూరమ్మత్తని, ఆ సందులో ఉన్న అందరినీ పన్నెండుకి ముందే ఎలాగో ఒప్పించి ఎనిమిదో పంటుకి చేర్చుకోవాలి, దానికి నాకు ఆ మూడు రోజులు కావాలి. జవాబు వచ్చేదాకా అమ్మ చాప పక్కనే నా చాప వేసుకుంటున్నాను.

ఇట్లు,
గరికిన నూకరత్నం
కార్యదర్శి, బుర్రల సంఘం
నైరుతి మూల, చివరి ఇల్లు